చిక్కటి పాలు

"ఇదీ కాదండీ," అంది కామేశ్వరి, కప్పు పక్కకి నెట్టేస్తూ.

పాండురంగారావుకి ఏడుపొచ్చినంత పనైంది. నూజివీడులో పేరున్న మామిడి వ్యాపారి, బెజవాడలో దొరికే టీ పొడులన్నీ తెప్పించాడు. ఇది తొమ్మిదోది.

పది రోజులు దాటదన్నాడు డాక్టరు. కామేశ్వరి అడిగింది ఒక్కటే. నిరుడు కలకత్తాలో చైనా హోటల్లో తాగిన టీ.

"మల్లెపూల వాసనొచ్చిందండీ. ఆ పోసినాయన్ని అడిగితే..."

"టీ పోసేవాడి మొహం ఎవడు చూస్తాడే?"

నిజమే, ఆయన చూడలేదు. ఆ పూట కాయల బేరంలో పడి తన కప్పయినా ముట్టుకోలేదు.

కిటికీ అవతల గంపల్లో గడ్డి పరుస్తున్న బుచ్చయ్య ఈ మాటలు విన్నాడు. కామేశ్వరి మంచాన పడ్డాక, ఈ సీజన్లోనే పనిలో చేరిన ముసలాడు.

"అయ్యగారూ, ఆ టీ నేను తెస్తానండి."

"నీకేం తెలుసురా?"

"తెలుసండి."

మర్నాటి నుంచి మనిషి జాడ లేదు. బంగినపల్లి కోతలు ముమ్మరంగా ఉన్న రోజులాయె, పాండురంగారావు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

ఆరో రోజు పొద్దున బుచ్చయ్య మాసిన బట్టలతో గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చిన్న పొట్లం.

"పాలొద్దండి, పంచదారొద్దండి. వేణ్ణీళ్ళు పోసి మూత పెడితే చాలండి."

"పాలకి గతిలేని కొంపనుకున్నావా? నాగేంద్రమ్మా! చిక్కటి గేదెపాలల్లో బాగా మరిగించు. పంచదార దండిగా వెయ్యి," అని వంటమనిషికి కేకేశాడు.

"అయ్యగారూ, అలా చేస్తే..."

"నోర్ముయ్!"

కామేశ్వరి ఒక్క గుక్క తాగింది. చేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

"చావుబతుకుల్లో ఉన్న మనిషితో ఆటలా?"

వీధిలోకి గెంటించాడు. ముసలాడు కిటికీ వైపు ఓ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మూడో నాడు కామేశ్వరి పోయింది.

పదకొండో రోజు వంటింట్లో ఆ పొట్లం ఆమె చెల్లెలు ఉమ కంటపడింది. ఆ పూట అక్క పక్కనే ఉండి విన్న ముసలాడి మాట గుర్తొచ్చి, ఊరికే వేణ్ణీళ్ళు పోసి మూత పెట్టింది. మూత తీస్తే ఇల్లంతా మల్లెలు.

"బావగారూ, అక్క అడిగింది ఇదేనండీ!"

పాండురంగారావుకి అప్పుడర్థమైంది. భార్య ఆఖరి కోరికని గుమ్మంలోకి తెచ్చిస్తే, తన గొప్ప కోసం పాలుపోసి చంపాడు.

జీపు తీసుకుని బుచ్చయ్య సొంతూరు ముసునూరు పరిగెత్తాడు. వాకిట్లో బుచ్చయ్య చెల్లెలు ఇన్నమ్మ ఉంది.

"అన్నయ్య మళ్ళీ కలకత్తా పోయాడండి."

"మళ్ళీ ఏంటి?"

"ఇరవయ్యేళ్ళు అక్కడి చైనా హోటల్లోనే చేశాడు గదండీ." ఇన్నమ్మ తల ఎత్తలేదు. "నిరుడు మీ ఇద్దరికీ టీ పోసింది మా అన్నయ్యేనండి. మనూరు వచ్చెయ్యి, మా కాడ పనిప్పిస్తానని ఆ తల్లి అంటేనే, ఉన్న కొలువు మానుకుని మీ గుమ్మంలోకి వచ్చాడండి."