ముల్లు దిగింది

"నాలుగు రోజులకి శాలువా ఎందుకే తల్లీ?" అంది అత్తగారు గుమ్మం పట్టుకుని.

"అక్కావాళ్ల ఊళ్లో చలి అత్తయ్యా," అంది కోడలు తలెత్తకుండా. మంచం మీద నోరు తెరుచుకున్న బ్యాగులో శాలువా కుక్కి, దాని మీద దువ్వెనా కళ్లజోడు పెట్టే పడేసింది.

అత్తగారి చూపు బ్యాగుని వదలడం లేదు. నాలుగు రోజులకి రెండు జతల చెప్పులా?

"ఆదివారం వచ్చేస్తావుగా?"

"ఎన్నిసార్లు అడుగుతారు? వస్తానన్నానుగా!"

అత్తగారు తన జీవితంలో సాగనంపినవాళ్లలో రానని చెప్పి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు.

రాత్రి గొడవంతా ఆవిడ చెవిన పడింది. గొడవంటే కోడలి గొంతొక్కటే. "ఏమన్నా సరే అంటావు, తిట్టినా సరే అంటావు! గోడతో కాపురం చేస్తున్నాను నేను!" ఒకప్పుడు కొడుకూ తక్కువ తినలేదు, ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఏడాదిగా ఎంత నెమ్మదించాడో! ఈ పిల్లే ఇంకా కుతకుత ఉడుకుతుంటుంది. ఏదో ఒకనాడు బ్యాగు సర్దుకుని పోతుందని అత్తగారి బెంగ. ఆ రోజు రానే వచ్చిందనిపించింది.

కొడుకు కారు డిక్కీ తెరిచి, లోపలున్న సంచీని పక్కకి జరిపి భార్య బ్యాగు పెట్టాడు.

"అదేమిట్రా?" అంది తల్లి.

"ఇస్త్రీకివ్వాల్సిన బట్టలమ్మా. రోజూ మర్చిపోతున్నా."

బస్టాండు దాకా సాగనంపుదామని ఆవిడా ఎక్కింది. కారు బయల్దేరనని కాసేపు మొరాయించింది.

"ఈ ఇంటికి నాకన్నా ముందొచ్చిన పెద్దకోడలు కదా, ఆ మాత్రం గారాలు పోతుందిలెండి," అంది కోడలు. అత్తగారికి నవ్వు రాలేదు.

సిగ్నల్ దగ్గర ఆగారు. "వేడి ముల్లు చూడు! ఎర్రగీత దాటేస్తోంది!" అని అరిచింది కోడలు.

"ఏం కాదులే," అన్నాడు కొడుకు. కాసేపటికి, "అదిగో, దిగిపోయింది."

నిజంగానే మీటరులో ముల్లు జారి కిందికొచ్చింది. "హమ్మయ్య," అంది అత్తగారు. ఆ మాట పూర్తి కాకుండానే ఇంజను దడదడలాడి ఆగిపోయింది. కాలిన వాసన కమ్ముకుంది.

అదృష్టం కొద్దీ మెకానిక్ షెడ్డు నాలుగడుగుల్లో ఉంది. నెట్టుకుంటూ వెళ్లారు. అక్కడి మెకానిక్‌ని అందరూ గొణుగుడు మేస్త్రీ అంటారు. ఆయన బానెట్ ఎత్తి, వేడి తగ్గేదాకా ముట్టుకోలేదు. తర్వాత రేడియేటర్ మూత మీద గుడ్డ కప్పి మెల్లగా తిప్పాడు. ఆవిరి లేదు, నీళ్ల చప్పుడూ లేదు. టార్చి వేసి చూశాడు. వంగి కారు కింద నేల తడిమాడు. పొడిగా ఉంది.

"వెనక తెల్లపొగ వస్తోందా ఈమధ్య?"

"నెలల్నుంచీ!" అంది కోడలు. "నేను చెబితే ఈయన సరే అన్నాడు, అంతే."

"మరి ఎక్కడా కారడం లేదు కదయ్యా?" అంది అత్తగారు.

"బయటికి కారితే నయం పెద్దమ్మా. కంటబడుతుంది, ఏదో ఒకటి చేస్తాం. ఇంజనులోకి నీళ్లు పోకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయింది. నీళ్లన్నీ ఇంజను లోపల్లోపలే ఆవిరైపోయాయి."

"ముల్లు దిగిందిగా మరి?"

"అదే మోసం. దానికి వేడి చెప్పేది నీళ్లే. నీళ్లున్నంతసేపూ ఎక్కుతుంది, దిగుతుంది. ఒట్టిపోయాక ఏం చెబుతుంది? అప్పుడు దిగిందంటే చల్లబడిందని కాదు, అయిపోయిందని."

ఎప్పుడూ లేనిది కోడలు కిక్కురుమనలేదు. ఉడికే పిల్ల చల్లబడిపోయింది. దీనికీ అయిపోయినట్టేనా, అనుకుంది అత్తగారు.

"బాగుచేస్తే దూరం తట్టుకుంటుందా?" అనడిగాడు కొడుకు.

"ఆదివారానికిస్తా. ఆ తర్వాత ఎంత దూరమైనా తోలుకో."

"ఆ ఇస్త్రీ బట్టలు తియ్యవేంరా?"

"అందులోనే ఉండనీ అమ్మా."

కోడలు బ్యాగుతో ఆటో ఎక్కింది. "వెళ్తున్నా అత్తయ్యా!"

"వెళ్లొస్తానను తల్లీ!"

ఆటో చప్పుడులో ఆ మాట ఎక్కడో పడిపోయింది.

ఆ నాలుగు రోజులూ అత్తగారికి కోడలి బీరువా తెరవడం, మిగిలిన చీరలు తడమడం, మూయడం, ఇదే పని. మంచి చీర కనబడకపోతే మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టేది. "అది ఇంక రాదురా," అంది కొడుకుతో.

"తను వస్తుందమ్మా," అన్నాడతను.

ఆదివారం మధ్యాహ్నం, నెలల తరబడి వెలగని వంటింటి లైటు మార్చాడు. కుళాయి బిగించాడు. తల్లి మంచం పక్కన చెంబులో నీళ్లు పోసి పెట్టాడు. భార్య వస్తోందని ఎంత హుషారో వెర్రివెధవకి, అనుకుని ఆవిడ కళ్లు తుడుచుకుంది. అతను ఇంటి తాళంచెవి మేకుకి తగిలించి చెప్పులేసుకున్నాడు.

"కారు తీసుకుని అటునుంచి అటే వెళ్తానమ్మా."

"బస్టాండుకేగా? అది బస్సు దిగకపోతే నాకు ఫోన్ చెయ్యి, బతిమాలతాను."

"సరే," అన్నాడు కొడుకు.

పొద్దువాలింది. ఆవిడ మెట్టు మీదే కూర్చుంది. ఎంతసేపటికీ కారు చప్పుడు లేదు. ఇక రాదు, అయిపోయింది. ఒంటరిగా తిరిగొచ్చే కొడుకుని ఏమని ఓదార్చాలా అని మాటలు కూడగట్టుకుంటోంది.

గేటు ధడేలుమంది.

"బస్టాండులో గంటసేపు దిష్టిబొమ్మలా నిలబెట్టాడండీ మీ అబ్బాయి! ఫోనెత్తడు! చివరికి ఆటో పట్టుకుని వచ్చా!" అని అరుస్తూ కోడలు బ్యాగు దింపింది.

అత్తగారు పరుగున వెళ్లి కావలించుకుంది. "వచ్చావా తల్లీ! అరుచుకో, ఇంకా అరుచుకో. వాడు రాగానే వాడినీ కడిగెయ్యి!"

ఆ ఆదివారం ఇస్త్రీ బట్టల సంచీతో సహా కారు తీసుకెళ్లిన కొడుకు మళ్లీ రాలేదు.