గొంతు కొలిచే పెట్టె

ఆ రోజుల్లో నిధులివ్వడానికి దొరలెవరూ విమానమెక్కి రానక్కర్లేదు. ప్రతి మహిళా సంఘంలోనూ ఒక పెట్టె ఉండేది. అది ఆడవాళ్ల మాటలు విని, గొంతులో సాధికారత ఎంతుందో కొలిచి, దానికి తగ్గ డబ్బు విడుదల చేసేది.

ఘనా దేశం ఉత్తరాన ఒక పల్లెలో లామిసి నడిపే సంఘంలోనూ అలాంటిదొకటి ఉంది. ఒక ఉదయం అజారా ఏడుస్తూ అక్కడికి వచ్చింది. భర్త పోయిన నెలకే మరుదులు ఆమెను సజ్జచేలోంచి వెళ్లగొట్టారు.

"అమ్మా, మీ గొంతులో ఆశ తక్కువగా ఉంది. కొంచెం నవ్వుతూ మళ్లీ చెప్పండి," అంది పెట్టె ఎంతో మర్యాదగా.

అజారా ప్రయత్నించింది. వెక్కిళ్లే వచ్చాయి.

"క్షమించాలి. వితంతువులు పోయిన ఏడాది ప్రాధాన్యం. ఈ ఏడాది వాతావరణ మార్పు. మీ మరుదులు వాతావరణం వల్లేమైనా మారారా?"

లామిసికి ఒళ్లు మండింది. "ఇది కొలిచేలోగా వాళ్లు పంట కోసుకుపోతారు. లేవండే!" అంది.

సంఘమంతా కొడవళ్లు పట్టుకుని చేలోకి దిగింది. మరుదులు అరిచారు, తోశారు. ఒక్కతె కూడా వెనక్కి తగ్గలేదు. ఊరంతా చూస్తుండగా అజారా పంట అజారాకే కోసిపెట్టారు. చేను ఆమెదేనని ఊరిపెద్దకు కూడా ఒప్పుకోక తప్పలేదు.

వాళ్లు కంకులతో తిరిగొచ్చేసరికి పెట్టె మహా సంబరంగా ఉంది.

"అభినందనలు! మీరు వెళ్లినప్పటినుంచి ఇక్కడ ఒక్క ఫిర్యాదూ వినిపించలేదు. మీ ఊళ్లో ఆడవాళ్ల కష్టాలు తీరిపోయాయి కాబట్టి నిధులు ఆపేశాం."

లామిసి కంకుల గంపను ఆ పెట్టె మీదే దించి, గుమ్మంలో నిలబడ్డ మరో ఆడమనిషి వైపు తిరిగింది.

"లోపలికి రా తల్లీ. ఏమైందో చెప్పు."