గడ్డం గీసే చెయ్యి

క్రైస్తవ లేఖనాల్లో ఒక గుడ్డి తండ్రి, చేతులు తడిమి చూసి కూడా, ఏ కొడుకు ఎవరో పోల్చుకోలేక మోసపోయాడు. మా వీధిలో మేడ మీద ఉండే గుడ్డి ముసలాయనదీ అదే కథ అనుకున్నాం. కింద కొట్టులోని దర్జీ రోజూ వచ్చి గడ్డం గీస్తుంటే, ఆయన "ఒరే అబ్బాయ్" అని పిలిచేవాడు. కన్నకొడుకు రావడం ఎప్పుడో మానేశాడు. దర్జీ ఆ మాట ఆయనకు చెప్పకుండా, కొడుకులాగే పలికేవాడు.

ఒక ఉదయం సమాజసేవను బలపరిచే ప్రభుత్వ పథకం పట్టుకుని అధికారి మేడెక్కాడు. చేతిలో వాలంటీర్లు తొడుక్కునే మెరిసే కోటు.

"మిమ్మల్ని వాలంటీరుగా చేర్చుకున్నాం. రేపట్నుంచి మీ డ్యూటీ అవతలి పేటలో. ఇక్కడికి శిక్షణ పొందినవాళ్లు వస్తారు," అన్నాడు, గడ్డం గీస్తున్న దర్జీతో.

దర్జీ నోరు విప్పితే తను ఎవరో చెప్పాలి, కొడుకు కాదని తేలిపోతుంది. విప్పకపోతే రేపట్నుంచి ఈ గడప తొక్కేది లేదు.

"వాలంటీరేంటి బాబూ," అన్నాడు ముసలాయన, సబ్బు నురగలోంచి. "వీడు నా కొడుకు."

"సొంతవాళ్లు చేస్తే సేవ కిందికి రాదండీ," అని అధికారి కోటు మడుచుకుని దిగిపోయాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగాక, ముసలాయన రెండో చెంప తిప్పాడు.

"కానివ్వవయ్యా దర్జీ, నురగ ఆరిపోతోంది."