సోమవారం సీసా

"చావునే కత్తిరించి పారేశానండీ!" అన్నాడు డైరెక్టరు, సీసా పైకెత్తి చూపిస్తూ. టీకాల సంస్థ నుంచి వచ్చిన ముగ్గురూ నోళ్లు తెరిచారు.

బాతు గుడ్డులోని పిండం నుంచి తీసిన కణాలు, ఎంత గారాబంగా పెంచినా కొన్ని వారాల్లో ముసలివై చస్తాయి. ఈయన వాటి జన్యువుల్లో ఓ ముక్క కత్తిరించాడు. అంతే, రెండేళ్లుగా ప్రతి సోమవారం సీసా నిండుగానే ఉంది. ఇక టీకాల తయారీకి గుడ్లతో పనే లేదని ఊరూరా ఉపన్యాసాలు దంచాడు. కళ్లు నెత్తికెక్కాక ఆ కణాలను మైక్రోస్కోపులో పెట్టి చూడటం మానేశాడు.

"నెల తర్వాత వచ్చి సీసా తీసుకెళ్తాం. మాతోపాటు మీరూ వచ్చేయాలి, మా పరిశోధనకు అధిపతిగా" అన్నారు వచ్చినవాళ్లు. డైరెక్టరు అప్పుడే ఆ కుర్చీలో కూర్చున్నట్టు కాలు మీద కాలేసుకున్నాడు.

సీసాను చూసుకునేది ల్యాబులో పనిచేసే పెద్దావిడ. ఎప్పుడూ గుడ్ల గొడవేనని డైరెక్టరు ఆవిడకు గుడ్లమ్మ అని పేరు పెట్టాడు.

"సార్, ఈ వారం గుడ్లు తెప్పించడానికి కాగితం. సీసా సంగతి కూడా ఒక్కమాట..."

"నా బుర్ర తినకు. సోమవారం నేనొచ్చేసరికి సీసా నిండుగా ఉండాలి. ఎలాగన్నది నాకనవసరం."

చదవకుండానే సంతకం గీకాడు.

"పోనీ, మీరు రాస్తున్న వ్యాసంలో చివర్న ఓ మూల నా పేరు వేస్తారా?"

డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సీసాలు కడిగేవాళ్ల పేరు వేస్తే, రేపు సబ్బు కూడా తన పేరు వేయమంటుంది!"

మర్నాడే ఆవిణ్ణి స్టోర్‌రూముకు తోలేసి, పట్టా ఉన్న తన మేనల్లుణ్ణి తెచ్చి పెట్టుకున్నాడు. మేనల్లుడు బుద్ధిమంతుడు. మావయ్య రాసిన పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు.

మూడో సోమవారం ఫోను చేశాడు. "మావయ్యా, అన్నీ చచ్చి తేలుతున్నాయి!"

ఫ్రీజర్లో దాచినవి తీసి పెంచారు. అవీ పోయాయి. టీకాలవాళ్లు రావడానికి ఇంకా మూడు రోజులే ఉంది. డైరెక్టరు రొప్పుతూ స్టోర్‌రూముకు పరిగెత్తాడు. గుడ్లమ్మలో గుడ్లు ఊడిపోయి, పిలుపులో ఉత్త అమ్మ మిగిలింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. వ్యాసంలో నీ పేరే ముందు వేస్తాను. వాటిలో ఏం కలిపేదానివో చెప్పు!"

ఆవిడ చేతిలోని సామాన్ల జాబితా పక్కన పెట్టింది.

"కలపడానికేముంది సార్, మీ కణాలు మొదటి నెలలోనే చచ్చిపోతే, మీరు సంతకం పెట్టిన గుడ్లు పగలగొట్టి ప్రతి సోమవారం కొత్తవి తీసి పోశాను!"