ఎడమవైపు స్పీకరు

“అమ్మాయ్!”

పలుకు లేదు.

“అమ్మాయ్, నిన్నే!”

వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప జవాబు లేదు. పంతులమ్మగారికి ఒళ్లు మండిపోయింది.

ముప్ఫై ఏళ్లు బడిలో హాజరు పిలిచిన గొంతు ఆవిడది. ఎంత గడుగ్గాయైనా ఒక్క పిలుపుకి లేచి నిలబడాల్సిందే. అలాంటిది, సొంతింట్లో, కాపురానికొచ్చి నాలుగు నెలలు నిండని కోడలు నాలుగుసార్లు పిలిస్తే ఒక్కసారి పలుకుతోంది.

“అది పొగరురా,” అంది కొడుకుతో. “ఈ నెల చూస్తా. మారకపోతే మీరిద్దరూ వేరే ఇల్లు చూసుకోండి.”

ఇద్దరి మధ్యా నలిగిపోతున్న కొడుక్కి చివరికి ఒక ఉపాయం తట్టింది. ఇల్లంతా స్పీకర్లు పెట్టిస్తే! హాల్లో సినిమాలకి పెద్ద తెర, గదిగదికీ పాటలు, అమ్మ కుర్చీ పక్కన గోడకి వరసగా మీటలు. ‘వంటిల్లు’ అని రాసి ఉన్న మీట నొక్కి మాట్లాడితే ఆ మాట వంటింట్లో మోగుతుంది.

“సరే, మైకులో పిలిచినా పలక్కపోతే అప్పుడు తేల్చుకుంటా,” అని ఒప్పుకుంది ఆవిడ.

షాపునుంచి మెకానిక్కు వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు.

“ఈ ఇంట్లో ఎవరు ఎక్కడ ఎక్కువసేపు ఉంటారమ్మా?” అని అడిగాడు.

“అదంతా నీకెందుకయ్యా? ముందు హాల్లో మొదలుపెట్టు.”

అతను కదల్లేదు.

“ఏమయ్యా, నిన్నే!”

అప్పుడు తల మొత్తం తిప్పి చూశాడు. ఆవిడ ఎటు నిలబడ్డా, చుట్టూ తిరిగొచ్చి మరీ ఆవిణ్ని తన ఎడమపక్కకే తెచ్చుకుంటున్నాడు. ఇదెక్కడి చాదస్తం అనుకుంది పంతులమ్మగారు. కోడలికి సరిపోయిన జోడీ దొరికాడనుకుంది.

వంటింట్లో అటొకటి ఇటొకటి చిన్న స్పీకర్లు పెట్టి, కోడల్ని పొయ్యి దగ్గర నిలబెట్టాడు.

“కళ్లు మూసుకోండమ్మా. గంట ఎటువైపు మోగితే అటు చెయ్యి చూపించండి.”

అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరుసార్లు మోగించాడు. ఆరుసార్లూ కోడలు ఎడమవైపే చూపించింది.

“ఆరుకి మూడు మార్కులు!” అని నవ్వింది పంతులమ్మగారు. “గంటకూడా పరధ్యానంగానే వింటుంది మహాతల్లి.”

కోడలు కళ్లు తెరిచి, అతని మొహం చూసి, తల దించుకుంది. అతను వెళ్లి నిచ్చెన తెచ్చుకుని, పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకి ఎడమపక్క వచ్చేలా స్పీకరు బిగించాడు.

“శుభ్రంగా కప్పు మధ్యలో పెట్టక, ఆ మూలకి పెట్టావేం?”

“మధ్యలో కరెంటు పైపుందమ్మా.”

మేడమీద గదిలో కోడలు పడుకునే వైపు అడిగి, దానికి ఎడమపక్క బిగించాడు. హాల్లో ఆ అమ్మాయి కూర్చునే చోటు అడిగి, దానికీ ఎడమపక్కే.

“ఇక్కడా పైపేనా?”

“ఇక్కడా పైపేనమ్మా.”

“మా ఇల్లు ఇటుకలతో కట్టారా, పైపులతో కట్టారా?”

అతను చిన్నగా నవ్వి నిచ్చెన దిగాడు.

పనయ్యాక, పని ఎలా ఉందో రాయమని షాపువాళ్ల ఫారం ఆవిడ ముందు పెట్టాడు. పంతులమ్మగారు ఎర్రకలం తీసింది. ‘పనితనం లేదు. అన్నీ ఒక పక్కకే బిగించాడు. పిలిస్తే పలకడు.’ ఆఖరి మాట కింద రెండు గీతలు గీసింది.

“పోనీలేమ్మా,” అన్నాడు కొడుకు.

“తప్పుని దిద్దకపోతే ఎలారా?”

మర్నాడు పొద్దున ఆవిడ మీట నొక్కింది.

“అమ్మాయ్!”

“వస్తున్నా అత్తయ్యా!”

పంతులమ్మగారు ఉలిక్కిపడింది. ఆ రోజంతా ఏదో వంకతో పది సార్లు పిలిచింది. పదిసార్లూ కోడలు పలికింది. నెల తిరిగేసరికి వేరే ఇంటి మాటే లేదు. “స్పీకరంటే అలా ఉండాలి,” అని పక్కింటావిడకి గొప్పగా చెప్పుకుంది కూడా.

ఆరునెలల తర్వాత సర్వీసుకి ఇంకొకతను వచ్చాడు. మీటలు నొక్కి చూసి నవ్వాడు.

“ఇదేంటమ్మా, అన్నీ ఎడమవైపే ఉన్నాయి?”

“మీ షాపాయన ఘనకార్యమే. అడుగడుక్కీ పైపులున్నాయట.”

అతను గోడకీ కప్పుకీ ఒక చిన్న పరికరం ఆనించి చూశాడు. “ఇక్కడ పైపేం లేదే!” తర్వాత తెర పక్కన స్పీకర్లు విప్పి చూశాడు. కుడివైపు రావాల్సిన మాటలు కూడా ఎడమదాంట్లోకే కలిపి ఉన్నాయి. అతని నవ్వు ఆగిపోయింది.

“అమ్మా, ఈ ఇంట్లో ఎవరికైనా కుడి చెవి వినపడదా?”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కోడలు గుమ్మంలోకి వచ్చింది.

“నాకే అత్తయ్యా. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది. చెబితే ఏమంటారోనని భయమేసింది. ఆయనక్కూడా చెప్పలేదు.”

పంతులమ్మగారు లేచి వెళ్లి, కోడలికి ఎడమపక్కన నిలబడింది.

“నన్ను చూసి భయపడ్డావుటే పిచ్చిదానా,” అంది, దాని చెయ్యి పట్టుకుని.

కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

“బాబూ, ఆ మొదటాయన్ని ఒక్కసారి పంపించు. నేను మాట్లాడాలి.”

“ఆయన్ని పనిలోంచి తీసేశారమ్మా. ఇప్పుడెక్కడున్నారో ఎవరికీ తెలీదు.”

“నేను రాసిన ఫారం వల్లేనా?”

“మీదొక్కటే కాదు. అంతకుముందు రెండొచ్చాయి. మూడింట్లోనూ ఒకటే మాట, పిలిస్తే పలకడని.” అతను తీగలు చుట్టుకుంటూ నిట్టూర్చాడు.

“వెళ్లిపోయే రోజుదాకా మాక్కూడా చెప్పలేదమ్మా, ఆయనకీ ఎడమ చెవి ఒక్కటే వినపడుతుందని.”