ఒంటి లైను

"రాజీనామా పక్కన పెట్టు తల్లీ. ముందు కూర్చో," అన్నాడు మాస్టారు, చెమట తుడుచుకుంటూ.

ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి ఆయన పెద్ద. ఎదుట నిలబడ్డ అమ్మాయిని అందరూ పొదుపమ్మ అంటారు. పదిమంది పది లైన్లలో రాసే ప్రోగ్రామును ఒక్క లైనులో తేల్చేస్తుందని.

పరీక్షలో తేడా కనబడినవాళ్ల జాబితాను ఇదివరకు ఎనిమిది లైన్ల లూప్ మళ్లీ మళ్లీ తిరుగుతూ ఒక్కొక్కరినే చూసేది. ఫోన్ నంబరుంటే 'మళ్లీ రండి' అని మెసేజ్, లేకపోతే ఇంటికి ఉత్తరం. రెండేళ్ల కిందట పొదుపమ్మ దాన్ని కుదించింది: నంబరున్నవాళ్లను ఫిల్టర్ చెయ్యి, మెసేజ్ పంపు. అంతే. ఉత్తరాల సంగతి గాలికి పోయింది.

మూడు రోజుల కిందట పొరపాటు పట్టుకున్నది ఆమే. కబురందని పదిహేడు మంది పేర్లు, చిరునామాలు అచ్చుతీసి, చదివే ధైర్యం లేక ఏడుస్తూ ఆయన చేతిలో పెట్టింది. అప్పట్నుంచి ఆయన ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాడు.

"తప్పు నాది మాస్టారూ."

"చూసి సరేనన్నది నేను. ఎంత పొందిగ్గా రాసిందో అని నలుగురికీ చూపించాను కూడా. నా కళ్లేమయ్యాయి మరి?"

"అది కాదు. వాళ్లంతా... ఉన్నారా?"

"ఉండకేం! ఒక బస్సు డ్రైవరు నన్ను సబ్బులమ్మేవాడనుకుని మొహం మీదే తలుపేశాడు. ఇంకొకావిడ 'ఇన్నాళ్లకు గుర్తొచ్చానా నాయనా' అని దెప్పి, మంచినీళ్లిచ్చి మరీ కూర్చోబెట్టింది. రేపట్నుంచి పరీక్షలకు వస్తారు."

"ఎవరికీ ముప్పేమీ రాలేదుగా? నిజం చెప్పండి. ఒక్కరికి ఏమన్నా అయినా నేనిక ఈ పని ముట్టుకోలేను."

ఆయన ఆమె వైపే చూశాడు.

"పదిహేడు మందీ బాగానే ఉన్నారు."

పొదుపమ్మ ముఖంలోకి నెత్తురొచ్చింది. రాజీనామా నాలుగు ముక్కలైంది.

"ఈసారి పొడుగ్గానే రాస్తాను మాస్టారూ. నవ్వితే నవ్వనీండి."

"రాయి తల్లీ. పొడుగైతే మునిగిపోయేదేముంది?"

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది. కాసేపటికి టకటక మొదలైంది.

ఆయన తన బల్ల దగ్గరికెళ్లి జాబితా విప్పాడు. పదహారు పేర్ల పక్కన టిక్కు పెట్టాడు. పదిహేడో పేరు దగ్గర పెన్ను ఆగింది.

అది నిరుడు కన్నుమూసిన ఆయన భార్యది.