హట్ అనే ముందు

"నన్నే వెక్కిరిస్తావురా?" హార్లన్ హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు.

ఏళ్ల తరబడి ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి అందుకుని విసిరే క్వార్టర్‌బ్యాక్ అతనే. అతని తర్వాత ఆడించాలని ఈ ఏడాదే తెచ్చిన టేవియన్, ప్రాక్టీసులో బంతి అందుకునే ముందు అచ్చం అతనిలాగే అరిచాడు. "సెట్" అని, చిన్నగా దగ్గి, బంతి అందించమన్నట్టు "హట్!" అన్నాడు. జట్టంతా పగలబడి నవ్వింది.

"వెక్కిరింపు కాదు. మీరు నేర్పనన్నారుగా, వీడియోలు చూసి నేర్చుకున్నా."

"నా చోటుకి ఎసరు పెట్టేవాడికి నేనే నేర్పాలా? అయినా, నేనెప్పుడు దగ్గానురా?"

"హట్ అనే ముందు ప్రతిసారీ. ఏదో సంకేతం అనుకున్నా. అవతలి వాళ్లు ఆ దగ్గు వినగానే కదిలిపోతున్నారు. బంతి విసిరేలోపే మీ మీద పడుతున్నది అందుకే."

నవ్వులు ఆగిపోయాయి. వాళ్లెందుకు నవ్వారో హార్లన్‌కి అప్పుడు అర్థమైంది.

వంగి అతనికి బంతి అందించే రోకో వైపు తిరిగాడు. "నీకూ తెలుసా?"

"బాధపడతావని చెప్పలేదు అన్నా."

హార్లన్ నేల మీది హెల్మెట్ తీసి తలకు పెట్టుకున్నాడు.

"ఒరేయ్ టేవియన్, నిన్ను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మంటే. రా, నా వెనక నిలబడు. నేను దగ్గితే వీపు మీద ఒక్కటియ్యి."